దసరాకి తూకం

మొన్న ఆదివారం మా అబ్బాయీ కోడలూ నన్ను కూడా కారెక్కించుకుని, అల్మాస్‌గూడ దాటాక కొత్తగా కట్టిన ఒక రెసిడెన్షియల్ స్కూలు చూడ్డానికి తీసుకెళ్లారు. మనవరాలు ఆద్యని వచ్చే ఏడు ఆరో తరగతికి అక్కడ వేద్దామా వద్దా అన్నది మా ఇంట్లో నెల రోజులుగా నలుగుతున్న సంగతి. కోడలికి వెయ్యాలని ఉంది, అబ్బాయికి భయంగా ఉంది, ఆద్యకేమో అక్కడ రెండు గుర్రాలున్నాయని తెలిసిన దగ్గర్నించీ వేరే ధ్యాసే లేదు. ఇంట్లో హాస్టల్లో ఉండి చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నా అభిప్రాయానికి హఠాత్తుగా గిరాకీ వచ్చింది. అరవై దాటిన మనిషికి ఇలాంటి అవకాశాలు తరచుగా రావు. మంచి చీర కట్టుకుని, ముందు సీట్లో కూర్చుని మరీ బయల్దేరాను.

స్కూలంతా తిప్పి చూపించిన అమ్మాయి చాలా ఓపికమంతురాలు. ఈత కొలను, ఏసీ గదులు, రోజుకో రకం టిఫిన్ రాసి ఉన్న బోర్డు, గుర్రాలు, గుర్రాలకి షెడ్డు అన్నీ చూశాం. చివరికి ఒక తెల్లటి గదిలోకి తీసుకెళ్లి నేలమీద ఉన్న గాజు పలక లాంటి మిషను చూపించింది. "నెలకోసారి పిల్లల వెయిట్ చూస్తామండి. యాప్‌లో మీకు వచ్చేస్తుంది. కాస్త తగ్గినా మేమే ఫోన్ చేస్తాం," అంది. నాకు నవ్వొచ్చింది. మామూలుగా కాదు, కళ్లల్లో నీళ్లు తిరిగి, అక్కడున్న కుర్చీలో కూలబడేంత నవ్వు. ఆ అమ్మాయి గాభరాపడి మంచినీళ్లు తెచ్చింది. "ఏందమ్మా, ఏమైంది?" అన్నాడు మావాడు. ఏమైందో ఆ గదిలో చెప్పడం కుదిరే పని కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది దేవరకొండ వైపు పల్లె. ఊళ్లో అయిదో తరగతి దాకానే బడి. మా నాయిన లారీలో మిర్చి, పత్తి వేసుకుని సాగర్ రోడ్డు మీదుగా పట్నంలోని సరుకుల బజారు మలక్‌పేట గంజ్‌కి వచ్చిపోతుండేవాడు. అలా వస్తూ పోతూ కర్మన్‌ఘాట్ గుడికి కాస్త అవతల ఒక మేడ ముందు తెల్ల రిబ్బన్లు కట్టుకుని వరసగా నిలబడ్డ ఆడపిల్లల్ని చూశాడట. మూడుసార్లు చూశాడు, నాలుగోసారి లారీ ఆపి లోపలికెళ్లి అడిగాడు. అది సుభద్రమ్మగారనే రిటైరైన టీచరు సొంతంగా నడుపుతున్న బడి. అక్కడే ఉండి చదువుకోవాలి, పదో తరగతి దాకా ఉంది. నాయిన ఆ రోజే మాట ఇచ్చేసి వచ్చాడు. ఇంటికొచ్చాక తాతకి చెప్పడానికి మాత్రం ఆయనకి పది రోజులు పట్టింది.

తాత ఒప్పుకున్నాడు, కానీ షరతు పెట్టాడు. మా బంధువుల్లో ఒకతను ఎక్కడో హాస్టల్లో ఉండి చదివి, ఎండు పుల్లలా తిరిగొచ్చి, ఆరునెలలు పసరు మందులు తిన్నాడు. అప్పట్నించీ తాత దృష్టిలో హాస్టల్ అంటే మనుషుల్ని అరగదీసే చోటు. "పిల్ల చదువుకు పోతనంటే నేనేమొద్దంటలేను. గని పొయ్యేముందు తూకమెయ్యుండ్రి. దసరాకు ఒచ్చినంక మళ్ల తూద్దాం. ఒక్క కిలో తగ్గినా పిల్ల ఇగ ఇల్లు కదలది," అన్నాడు. మా ఇంట్లో తాత మాట అంటే మాటే. బియ్యం గది దగ్గర్నించి బెల్లం డబ్బా దాకా అన్నిటి తాళంచెవులూ ఆయన మొలతాడుకే వేలాడుతుండేవి.

వసారాలో దూలానికి వేలాడే పెద్ద కాంటాకి ఒక పక్క చెక్క పళ్లెంలో నన్ను కూర్చోబెట్టారు, రెండో పక్క రాళ్లు పెట్టారు. తూచింది మా నాయినమ్మ. ఊళ్లో మిర్చి అయినా పత్తి అయినా తూకం వెయ్యాలంటే ఆమే రావాలి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ ఆమె చెప్పిన అంకెకి మారు మాట్లాడేవాళ్లు కాదు. పళ్లెం ఊగడం ఆగేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. దగ్గరికొచ్చిన వాళ్లని "జర ఎనకకు జరుగుండ్రి, కొంగు తగుల్తది," అని కసిరేది. ఇరవై కిలోల రాయి, అయిదు కిలోల రాయి, రెండు కిలోల రాయి. "ఇరవై ఏడు," అంది. మర్నాడు నేను లారీ ఎక్కాను.

మొదటి నెల రోజులూ తాత షరతు నాకు దేవుడిచ్చిన వరంలా కనిపించింది. నాకు ఇంటికి పోవాలని ఉంది. తగ్గితే పంపించేస్తారు. తగ్గడానికి చెయ్యాల్సిందల్లా తినకపోవడం. అందులో పెద్ద కష్టం కూడా లేదు, ఎందుకంటే సుభద్రమ్మగారిది కృష్ణా జిల్లా. ఆవిడ బడిలో మూడు పూటలా అన్నమే, ముందు ముద్దపప్పు, తర్వాత పులుసు. జొన్నరొట్టె తిని పెరిగిన నాకు ఆ పప్పు చూస్తేనే కడుపు నిండిపోయేది. పిల్లల్లో సగంమంది బ్యాంకుల్లో, ఆఫీసుల్లో బదిలీల మీద తిరిగే కోస్తా వాళ్ల పిల్లలు, మిగతా సగం మా నల్లగొండ వైపు వాళ్లు. నా పక్క మంచం సరళది, వాళ్లది భీమవరం. మొదటిరోజు నేను "గట్లనే" అంటే, "గట్ల అంటే ఏంటే?" అని అడిగింది. దానికి ఇంతకన్నా పెద్ద సందేహం ఉండదేమో అన్నట్టు రాత్రి పడుకునేదాకా అదే అడిగింది. నేను దానితో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు రెండు రోజులు నిలబడింది.

ఎప్పుడు మారానో చెప్పమంటే చెప్పలేను కానీ, ఎందువల్లో కొంత చెప్పగలను. పొద్దున్నే జడల రైలు ఉండేది. అరవైమంది పిల్లలం వరండా మెట్లమీద ఒకరి వెనక ఒకరం కూర్చుని, ముందున్న పిల్లకి జడ వేసేవాళ్లం. చిట్టచివరి పిల్లకి సుభద్రమ్మగారే వేసేవారు. ఆ వరండా అంతా కొబ్బరినూనె వాసన, పక్కనున్న ద్రాక్షతోటలోంచి తడిమట్టి వాసన, వంటింట్లోంచి పోపు వాసన కలిసి వచ్చేవి. నాకు జడ వేసేది సరళ, పీకి పీకి వేసేది. రాత్రి భోజనాలయ్యాక రోజుకో పిల్ల లేచి నిలబడి తనకి తెలిసిన విషయమేదో అయిదు నిమిషాలు చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలో తోచక మిర్చి తూకం గురించి చెప్పాను. తడి మిర్చి ఎట్లా గుర్తుపట్టాలి, పళ్లెం కింద ఏమేం అంటిస్తారు, మా నాయినమ్మ దాన్ని ఎట్లా పట్టుకుంటుంది, అన్నీ మా ఊరి మాటల్లోనే. వెనకెవరో కిసుక్కుమన్నారు. సుభద్రమ్మగారు అటు చూసి, "నవ్వినవాళ్లు లేచి ఇదే సంగతి మీ మాటల్లో చెప్పండమ్మా, వింటాం," అన్నారు. ఎవరూ లేవలేదు. నేను కూర్చున్నాక సరళ నా చెవిలో, "గట్లనే చెప్పావే, బాగా చెప్పావు," అంది.

అన్నిటికన్నా పెద్దది పెట్టె. ప్రతి పిల్లకీ మంచం కింద ఒక రేకు పెట్టె, దానికొక తాళం. తాళంచెవి దారానికి కట్టి మా మెడలోనే ఉండేది. మా పెట్టెలు ఎవరూ తెరవకూడదు. సుభద్రమ్మగారు కూడా, "చంద్రకళా, నీ పెట్టె ఒకసారి చూపిస్తావా?" అని అడిగి, నేను తీసి పట్టుకుంటేనే చూసేవారు. అందులో ఏముంది గనక? రెండు గౌన్లు, ఒక దువ్వెన, లైబ్రరీ పుస్తకం, ద్రాక్షతోటలో ఏరుకొచ్చిన నున్నటి రాళ్లు. అయినా రాత్రి పడుకునేముందు తాళం ఒకసారి లాగి చూసుకుంటుంటే నేనొక జమీందారునన్నంత గర్వంగా ఉండేది. మొన్న ఆ కొత్త స్కూల్లో కూడా ఈ విషయం అడిగాను. అలమారాలున్నాయి, తాళాలు లేవట, పిల్లల మంచికే తీసేశారట. ఆ అమ్మాయిని తప్పుపట్టను, ఈ కాలానికి తగ్గ భయాలు ఈ కాలానివి. కానీ నాకు మాత్రం చదువుకన్నా ముందు రుచి తెలిసింది ఆ తాళానిదే.

అలా ఉండగా ఒక ఆదివారం సరళా నేనూ పక్కనున్న ద్రాక్షతోటలోకి వెళ్లాం. తోట కావలి యాదగిరి మామ దగ్గర ద్రాక్షపళ్ల బుట్టలు తూచే కాంటా ఉండేది. కాపు లేని రోజుల్లో అది ఖాళీయే. సరదాకి ఎక్కాం. ఇరవై నాలుగున్నర. నేను కాంటా దిగకుండా అక్కడే ఏడుపు మొదలుపెట్టాను. యాదగిరి మామ కంగారుపడి, "నేనేం చేసిన బిడ్డా? గది ఇనుప కాంటా, గట్లనే సూపెడ్తది," అన్నాడు. అప్పుడే నాకు మొదటిసారి అర్థమైంది, నాకు ఇంటికి పోవాలని లేదని. దసరాకి ఏడు వారాలుంది, రెండున్నర కిలోలు పెరగాలి. లేకపోతే మిగతా జీవితం బర్రెల వెనకే.

సరళకి కథంతా చెప్పాను. అది లెక్కల్లో దిట్ట. నోటుబుక్కులో గీతలు గీసి, "వారానికి ఇంత చొప్పున లావవ్వాలి నువ్వు. ఇవాళ్టి నించి నా పెరుగు నీదే," అని తేల్చేసింది. వంట చేసే మల్లమ్మది చౌటుప్పల్ వైపు. ఆమెకి చెప్పగానే, "పప్పు లోపటికి పోతలేదని జర ముందే చెప్పొద్దా పిల్లా!" అని తిట్టి, ఆ సాయంత్రం నించి రోజూ నాకొక జొన్నరొట్టె కాల్చిపెట్టింది. పదిరోజుల్లో సంగతి బడంతా పాకింది. భోజనాల దగ్గర ఎవరో ఒకరు అటూ ఇటూ చూసి నా కంచంలో నెయ్యి చుక్క వేసేవారు, ఎవరో అరటిపండు జేబులో కుక్కేవారు. ప్రతి ఆదివారం యాదగిరి మామ కాంటా చుట్టూ పదిమంది మూగేవాళ్లు. నా జన్మలో ఇంకెప్పుడూ నేను లావవుతుంటే అంతమంది సంతోషించింది లేదు. దసరా ఇంకో పదిరోజులుందనగా ఇరవై ఆరున్నర దాటాను.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆ ఆదివారం సరళ వాళ్లమ్మగారు దిల్‌సుఖ్‌నగర్ నించి వస్తూ ఒక డబ్బా నిండా సున్నుండలు తెచ్చారు. తల్లిదండ్రులు తెచ్చినవి ఏవైనా అందరికీ పంచాలన్నది మా బడి పద్ధతి. సరళ ఎన్నడూ నియమం తప్పని పిల్ల, ఆ రోజు నాకోసం తప్పింది. డబ్బా దుప్పట్లో దాచి, "మినపపిండి, నెయ్యి, బెల్లం. మా అక్కకి పెద్దమనిషైనప్పుడు ఇవే పెట్టారు, నెల తిరిగేసరికి ఎంత లావైందో తెలుసా? అన్నీ తినెయ్యి, మనకి టైం లేదు," అంది. తిన్నాను. తొమ్మిది. పైన దాని వంతు పెరుగు కూడా తాగాను. ఆ తర్వాత మూడు రోజులు నేను ఎక్కడ గడిపానో చెప్పడం మర్యాద కాదు. డాక్టరు వచ్చాడు, బార్లీ నీళ్లు వచ్చాయి, మజ్జిగన్నం వచ్చింది. లేచి నిలబడ్డాక యాదగిరి మామ కాంటా మీద ఎక్కిస్తే ఇరవై అయిదు. సరళ నోటుబుక్కు మూసేసింది.

సుభద్రమ్మగారు ఇద్దర్నీ పిలిచారు. నాకన్నా ఎక్కువ సరళే ఏడ్చింది. "చంపేశానండీ, నేనే చంపేశానండీ దాన్ని," అని ఎక్కిళ్లు పెడుతుంటే ఆవిడకి నవ్వాగలేదు. కథంతా విన్నాక మాత్రం నవ్వు పోయింది. నా మార్కుల కాగితం తీసి, కింద నాలుగు మంచి మాటలు రాసి, కవర్లో పెట్టి ఇచ్చారు. "ఇది మీ తాతగారికి చూపించమ్మా. నా చేతిలో ఉన్నది ఇదొక్కటే," అన్నారు. నాయిన లారీలో నన్ను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు పిల్లలంతా గేటు దాకా వచ్చారు. సరళ నా మంచం మీద ఎవర్నీ పడుకోనివ్వనని చెప్పింది.

తాత కవరు విప్పి కాగితం నాయిన చేత చదివించుకుని, శ్రద్ధగానే విన్నాడు. "మంచిగనే ఉన్నది. మార్కులు మార్కులే, తూకం తూకమే. రేపు పొద్దుగాల చూద్దాం," అన్నాడు. మర్నాడు తెల్లవారగానే నాయినమ్మ నాకు తలంటి పోసింది. నూనె రాస్తున్నప్పుడు నా పక్కటెముకల మీద ఆమె వేళ్లు ఆగాయి. తూకం వేసే చేతులు కదా, కాంటా లేకుండానే తెలిసిపోయింది. తర్వాత మెల్లగా, "ఆడ మంచిగున్నదా?" అని అడిగింది. మంచిగనే ఉన్నదన్నాను. "గట్ల కాదు. ఆడ నీకేమిచ్చిన్రు, జెప్పు."

ఏం చెప్పాలి? జడల రైలు చెప్పాను, పుస్తకాల గది చెప్పాను, మల్లమ్మ రొట్టె చెప్పాను. ఆమె ఊ కొడుతూ కుంకుడురసం పోస్తోంది. మెడలో దారం చేతికి తగిలి, "ఇదేంది?" అంది. నా పెట్టె తాళంచెవి అన్నాను. "తాళంచెవి నీ దగ్గర్నే ఉంటదా?" "ఆఁ." "ఎవ్వరడగరా?" "పెద్ద టీచరు గూడ నన్నడిగే చూస్తది, నాయినమ్మా." ఆమె చెంబు పక్కన పెట్టింది. ఆ తడి చేత్తోనే తాళంచెవి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. నాకు అప్పుడు కళ్లల్లో కుంకుడు పడి మండుతోంది కాబట్టి ఆమె ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. ఇప్పటికీ ఆ కుంకుడుకాయల మీద నాకు కోపమే. "నేను ఆడనే సదువుకుంట నాయినమ్మా. నన్ను పంపియ్యుండ్రి," అని ఏడ్చేశాను. ఆమె మళ్లీ చెంబు అందుకుంది. నీళ్లు పోసి, తల తుడిచి, గౌను తొడిగింది.

తాత మంచం మీద కూర్చున్నాడు, నాయినా అమ్మా గుమ్మంలో నిలబడ్డారు. నేను పళ్లెంలో కూర్చున్నాను. నాయినమ్మ అవతలి పళ్లెంలో ఇరవై రాయి పెట్టింది, అయిదు పెట్టింది, రెండు పెట్టింది. నా పళ్లెం పైకి లేచింది. గాల్లో ఊగుతూ నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. "ఆగుండ్రి, ఊగుతున్నది," అంటూ ఆమె నా వెనక్కి వచ్చి నిలబడింది. గౌను సర్దుతున్నట్టు వంగింది. పళ్లెం నెమ్మదిగా కిందికి దిగింది. కళ్లు తెరిచి పక్కకి చూస్తే, చీర కుచ్చెళ్ల కింద ఆమె కాలి బొటనవేలు పళ్లెం అంచుమీద ఉంది. మట్టె వేలి పక్కది, గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి ఉంది. "ఇరవై ఏడు. జర మొగ్గే ఉన్నది," అంది నాయినమ్మ, ఎప్పుడూ చెప్పే గొంతుతోనే. తాత తృప్తిగా తొడ చరిచి, "నేనన్ననా! పట్నం నీళ్లు పడ్డయి పిల్లకు," అన్నాడు. ఆయన అలా ఎన్నడూ అనలేదు, కానీ ఆ రోజు ఎవరం కాదనలేదు.

పదో తరగతి దాకా అక్కడే చదివాను. తర్వాత కాలేజీకీ, ఉద్యోగానికీ ఇల్లు కదిలినప్పుడు నన్ను ఎవరూ తూకం వెయ్యలేదు. మొన్న తిరిగొస్తూ ఆ దారినే కారు పోనివ్వమన్నాను. ద్రాక్షతోట ఉన్నచోట నాలుగంతస్తుల అపార్టుమెంట్లు, మా బడి ఉన్నచోట ఒక ఫంక్షన్ హాలు. దానికేం, అక్కడా రోజూ పప్పు ఉడుకుతూనే ఉంటుంది. మా రోజుల్లోనే అంతా బాగుండేదని నేను చెప్పను, అరవైమందికి మూడే స్నానాల గదులు. ఈత కొలనుంటే మేం మాత్రం వద్దనేవాళ్లమా? వెనక సీట్లో ఆద్య నిద్రపోయింది. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర మావాడు, "ఏమంటవమ్మా, ఎయ్యాల్నా, ఒద్దా?" అని అడిగాడు. "దాన్నే అడుగు. మీ ఇద్దరూ లేనప్పుడు నేనూ అడుగుత. అప్పుడు చెప్త," అన్నాను. వాడికి అది జవాబులా అనిపించలేదు. నా దగ్గర అంతకన్నా మంచిది లేదు.

నేను టీచరుగా చేరిన ఏడు, మొదటి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు నాయినమ్మని అడిగాను. అప్పటికి తాత లేడు. ఆమె వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. "నాయినమ్మా, ఆ దసరానాడు నేను ఇరవై అయిదు కిలోలే ఉన్న. నువ్వు కాలు పెట్టినవ్. నేను చూసిన," అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను కింద నించి పైదాకా, నా చేతిలో బ్యాగుతో సహా, తీరిగ్గా చూసింది. "నేను ఎన్నడు తూకం తప్పలే, బిడ్డా," అంది. మళ్లీ తొడిమలు తీసుకుంటూ కూర్చుంది. ఆమె అబద్ధం చెప్తోందని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించడం లేదు.